రెండో అంతస్తు చీకటి

పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ ఫొటోలు తీసి తీసి ముసలిదాన్నయ్యాను. అయినా మొన్నమొన్నటి దాకా నేను తీసిన ఫొటో ఒక్కటి కూడా నా దగ్గర లేదు.

గద్వాలలో మా ఆయనకు స్టూడియో ఉండేది. మా వాళ్ళ పెళ్ళిళ్ళలో పర్దా వెనక్కి మగవాడు కెమెరాతో రాకూడదు కదా, అందుకని నాకు కెమెరా పట్టడం నేర్పి లోపలికి పంపేవాడు. లోపల ఆడవాళ్ళు ఓణీలు పక్కన పడేసి, కాళ్ళు చాపుకుని, మొగుళ్ళను తిట్టుకుంటూ నవ్వుతుంటారు. వాళ్ళను తీసేదాన్ని. పని కాగానే రీలు డబ్బీ పెళ్ళికూతురి తల్లి చేతిలో పెట్టి రావాలి. వాళ్ళు తమకు నమ్మకమున్న చోట కడిగించుకుంటారు. తర్వాత మెమరీ కార్డులొచ్చాయి కానీ కట్టుబాటు మారలేదు. వాళ్ళ ఎదుటే వాళ్ళ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, వాళ్ళ ఎదుటే కార్డు ఖాళీ చేసి చూపించాలి. నా పనితనం చూసి ఎవరూ నన్ను పిలవలేదు. ఏదీ ఉంచుకోదని పిలిచారు.

అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి. బడికి పోలేదు, శుభలేఖలు నేర్పాయి. ఆయన పోయాక స్టూడియోకు వచ్చే పెళ్ళి కార్డులు నేనే చూసుకోవాల్సి వచ్చింది. పెళ్ళి మానవపాడులోనా, వడ్డేపల్లిలోనా తెలియకపోతే బస్సు తప్పెక్కుతాను. అందుకని ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. ఈ రోజుకీ పత్రికలో వార్త చదవాలంటే నాకు తిప్పలే. పెళ్ళి కార్డయితే గడగడా చదువుతాను.

ఈ మధ్య ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేక స్టూడియోల వాళ్ళంతా ఖాళీగా ఉన్నప్పుడు, వనపర్తి స్టూడియో అతను మా దుకాణానికి వచ్చాడు. నలభై ఐదేళ్ళ మనిషి, గడ్డానికి రంగేస్తాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఫొటోగ్రాఫర్లందరికీ అతనే పెద్ద.

“ఖాలా, మూడూర్ల కొత్త బిల్డింగులు తియ్యనీకె పోతున్నం. పొద్దుగాల వెళ్ళి, చీకటి పడేదాక తీస్తం. తలా ఒక ఫొటో. గద్వాలల హాలు తీసుకొని గోడకు పెడ్తం. కింద ఎవరి పేరు వాళ్ళది,” అన్నాడు.

బజారంతా నన్ను ఖాలా అనే అంటుంది, పిన్నీ అన్నట్టు. మర్యాదకు చెప్పి పోదామని వచ్చాడు, నేను వస్తాననుకోలేదు. “నేనొస్త,” అనగానే అతని మొహం చూడాలి.

“నీకెందుకు ఖాలా ఈ పరేషాన్? ఎండలు, మెట్లు...”

“బిల్డింగుకు పర్దా లేదు కద?”

“లేదు.”

“తీసినంక కార్డు ఎవనికన్న ఇచ్చి రావాల్నా?”

“ఎవనికిస్తం? మనదే.”

“ఇగ వస్త.”

నాకు కావలసింది అంతే. ఒక్క ఫొటో. నేను తీసి, నేనే ఉంచుకుని, కింద నా చేత్తో నా పేరు రాసి గోడకు పెట్టే ఫొటో. ఆ రోజు తీసినదే పెట్టాలని వాళ్ళు షరతు పెట్టుకున్నారు. పాతవి తెచ్చి పెడితే ఒప్పుకోరు. కాబట్టి ఉన్నది ఆ ఒక్క రోజే.

వ్యానులో నన్ను చివరి సీటులో కూర్చోబెట్టారు. ఒక పక్క స్టాండ్ల మూట, ఇంకో పక్క డ్రోను పెట్టె, కాళ్ళ కింద నీళ్ళ డబ్బాలు. ఎర్రవల్లి చౌరస్తా దాటి బీచుపల్లి వంతెన మీదికి వచ్చాక కృష్ణను చూద్దామని మెడ తిప్పితే స్టాండు కాలు చెంపకు తగిలింది. కదలడానికి లేదు. పెబ్బేరు దగ్గర చాయ్‌కి ఆపారు. అందరూ దిగారు. నేను దిగాలంటే ముందు పెట్టెలు దిగాలి. “నువ్వు కూసో ఖాలా, చాయ్ గీడికే తెస్త,” అన్నారు. తెచ్చారు. చల్లారిపోయింది.

నాగర్‌కర్నూల్‌లో కొత్తగా కట్టిన ప్రైవేటు దవాఖాన ఒకటి చూపించారు. ముందంతా నీలి అద్దం, పైన వంపు తిరిగిన స్టీలు కప్పు. నేను కెమెరా తీసి మెడలో వేసుకున్నానో లేదో, వనపర్తి అతను సంచులన్నీ తెచ్చి నా చుట్టూ పేర్చాడు.

“జర చూస్తుండు ఖాలా. గీడ జనమెక్కువ. పది నిమిషాలల్ల వస్తం.”

పది నిమిషాలన్నవాడు పొద్దు నడినెత్తికి వచ్చాక వచ్చాడు. దవాఖాన గేటు పక్కన సిమెంటు దిమ్మె మీద, సంచుల మధ్య, బుర్ఖాలో ఉడికిపోతూ కూర్చున్నాను. అక్కడి నుంచి నాకు కనిపించింది గేటు, కొబ్బరిబొండాల బండి, అంతే. లేచి నాలుగడుగులు వేస్తే సంచులు వదిలినట్టు. వదిలి పోయినదాన్నని అనిపించుకోవడం నా వల్ల కాదు. ఎన్నో పెళ్ళిళ్ళలో పెళ్ళికూతుళ్ళ నగల డబ్బాలు నా ఒళ్ళో పెట్టి స్నానానికి పోయారు. ఆ అలవాటే నన్ను దిమ్మెకు కట్టేసింది.

వనపర్తిలో మొండికేశాను. “సంచులు వ్యానుల వెట్టి తాళమేయున్రి. నేనూ తీస్త.” సరేనన్నారు. అక్కడ ఒక బట్టల దుకాణం, మూడంతస్తులూ అద్దమే. నేను కెమెరా ఎత్తేలోపు అరుపు.

“ఖాలా, ఫ్రేముల వడ్తున్నవ్! జర ఎడమకు!”

ఎడమకు జరిగాను.

“అద్దంల వడ్తున్నవ్ ఖాలా! ఎనుకకు!”

వెనక్కి పోయాను. నా నల్ల బుర్ఖా పక్కింటి అద్దంలో కూడా పడిందట. నాగర్‌కర్నూల్ నుంచి మాతో వచ్చిన డ్రోను అతనికి నోరూరుకోదు. “ఖాలా, నువ్వు దిష్టిబొమ్మ లెక్క నాలుగు దిక్కులా కనవడ్తున్నవ్. గీ ఊరికి దిష్టి తగలది పో!” అన్నాడు. అందరూ నవ్వారు.

“నీకు తగులుతది బిడ్డా, గా డ్రోను నెత్తి మీద వడ్తె,” అన్నాను. ఇంకా నవ్వారు. నవ్వితే నవ్వారు, నాకు మాత్రం నిలబడే చోటు దొరకలేదు. అద్దాల ఊళ్ళో ఆడది ఎక్కడ నిలబడ్డా అడ్డమే. చివరికి వ్యాను వెనక నిలబడ్డాను. అక్కడ నుంచి ఏం తీస్తాను, వ్యానునా?

సాయంత్రానికి మా ఊరు చేరాం. గద్వాలలో కొత్తగా లేచిన నాలుగంతస్తుల మేడ అది. కింద సెల్‌ఫోన్ల దుకాణం, పైన చిట్టీల ఆఫీసు, రెండో అంతస్తులో ఆడవాళ్ళ బ్యూటీ పార్లరు, ఆపైన ఏదో కోచింగు. అద్దం ఎలాంటిదంటే ఆకాశం, కరెంటు తీగలు, ఎదురుగా సగం కట్టి ఆపిన భవనం, అన్నీ దానిలోనే కనిపిస్తున్నాయి. “పొద్దూకేటప్పుడు ఆకాశం నీలమైతది, లోపల లైట్లు పడ్తయి. గా కొద్దిసేపే అసలు ఫొటో,” అన్నాడు వనపర్తి అతను.

ఆలోపు నాకు బాత్రూము కావాల్సి వచ్చింది. పొద్దుటి నుంచి ఓర్చుకున్నాను. మగవాళ్ళకు గోడలున్నాయి, నాకేముంది? లిఫ్టెక్కి పార్లరుకు పోయాను. దాన్ని నడిపే ఆమె నాకు తెలిసిన మనిషే, వాళ్ళ అమ్మ పెళ్ళి ఫొటోలూ నేనే తీశాను.

“రా ఖాలా! గా బుర్ఖా తీసి జర గాలికి కూసో. గీడ మొగోని నీడ గూడ పడది.”

పని చూసుకుని వచ్చి కూర్చున్నాను. ఎదురుగా గోడంతా అద్దమే. పర్దా ఒక్కటీ లేదు.

“ఏందమ్మా, గింత అద్దం పెట్టి గుడ్డ ముక్క గూడ కట్టలే?”

“ఎందుకు ఖాలా? రోడ్డంత మనకు కనవడ్తది. మనం ఒక్కనికి కనవడం. కట్టినాయన ఒట్టు వెట్టి చెప్పిండు. నువ్వే చూడు.”

చూశాను. నిజమే. మా గుంపు కింద రోడ్డు మీద నిలబడి సరిగ్గా నా వైపే కెమెరాలు ఎత్తింది. చెయ్యి ఊపాను. ఎవరూ ఊపలేదు. డ్రోను అతను ముందుకు వచ్చి కింది దుకాణం అద్దంలో చూసుకుంటూ దువ్వెనతో మీసాలు దువ్వుకున్నాడు. వాడికి నాలుక బయటపెట్టి వెక్కిరించాను. తలకు గోరింట పట్టించుకున్న ఒక పెద్దావిడ, కనుబొమలు తీయించుకుంటున్న పిల్లలు పడీ పడీ నవ్వారు. నా బతుకులో అంత హాయిగా మగవాళ్ళ గుంపును ఎదురుగా చూసింది లేదు. మంచి అద్దమే అనుకున్నాను. నేను కూడా నమ్మాను.

కిందికి రాగానే ఎదుటి సగం కట్టిన భవనంలోకి తీసుకుపోయారు. మూడో స్లాబు మీద నుంచి బాగా వస్తుందట. మెట్లకు పక్క గోడ లేదు. ఒకడు ముందు నుంచి లాగి, ఒకడు వెనక నుంచి నెట్టి, బియ్యం బస్తాను ఎక్కించినట్టు ఎక్కించారు. మోకాళ్ళు కరకరలాడాయి. పైకి చేరాక కిందికి చూస్తే తల తిరిగింది. ఇంకొకరు చెయ్యి పట్టుకుంటే తప్ప దిగలేనని అక్కడే తెలిసింది. అయినా సంతోషమే. ఇక్కడ నేను ఎవరి ఫ్రేములోనూ పడను. అందరం ఒకే వరసలో ఉన్నాం. చివరి స్తంభం పక్కన నా స్టాండు నిలబెట్టి, మేడ నాలుగు మూలలూ సరిపోయేలా కెమెరా సర్దుకున్నాను. పొద్దుటి నుంచి నాకంటూ దొరికిన చోటు అదే.

మేం వచ్చేలోపే గద్వాలలో వాన పడి వెలిసింది. నేలలోంచి ఉసిళ్ళు లేవడం మొదలైంది. ఆకాశం నీలి సిరా రంగుకు తిరిగింది. అద్దంలో ఉన్న ఆకాశమూ తిరిగింది. అప్పుడు మేడలో లైట్లు వెలిగాయి.

అందరి నోళ్ళలోంచీ ఒకేసారి “అబ్బ!” అని వచ్చింది. నా నోట్లోంచీ వచ్చింది. అంతసేపూ ఆకాశాన్ని చూపిన అద్దం ఒక్కసారిగా లోపలిది చూపించింది. చిట్టీల ఆఫీసులో ఫ్యాను తిరగడం, కోచింగులో బల్లలు, అన్నీ. రెండో అంతస్తులో గోరింట పెద్దావిడ తల కడుక్కుని వెంట్రుకలు విరబోసుకుని నిలబడింది. ఒక పిల్ల కుర్చీలో వెనక్కి వాలి ఉంది, మెడ మీద ఓణీ లేదు, భుజాల మీద తువాలు. ఇంకో పిల్ల బుర్ఖా తీసి కొక్కేనికి తగిలిస్తోంది. అద్దానికి ఇంత దగ్గరగా. ఇందాక వాళ్ళకు రోడ్డు ఎలా కనిపించిందో, ఇప్పుడు రోడ్డుకు వాళ్ళు అలా కనిపిస్తున్నారు. వాళ్ళకది తెలియదు.

కెమెరాల షట్టర్లు తెరుచుకోవడం విన్నాను.

“బంద్ చెయ్యున్రి!” అన్నాను. “లోపల ఆడోళ్ళున్నరు!”

“ఉండనీ ఖాలా. మనుషులు పడితెనే బిల్డింగుకు పానమొస్తది,” వనపర్తి అతను కెమెరాలోంచి కన్ను తీయలేదు.

“గవి మనుషులు గాదు ఖాలా, నీడలు,” అన్నాడు డ్రోను అతను.

“నీడలైతె జడ అల్లుకుంటయారా?”

“ఊకో ఖాలా, గీ వెలుతురు మళ్ళ రాదు. కంప్యూటర్ల మొహాలు చెరిపేస్తం తియ్,” అన్నాడు వనపర్తి అతను.

“చెరిపేదాక ఎవని కాడుంటది? నీ కాడ! గా పిల్ల తల్లికి చెప్పినవా?”

“వాళ్ళు అద్దం పక్కకు వచ్చి నిలబడితె తప్పు మాదా?”

ఇంతకు మించి వాదించే సమయం లేదు. పార్లరుకు ఫోను చేశాను, మోగి మోగి ఆగింది. రోడ్డు అవతలికి గొంతు చించుకుని అరిచాను. కింద ఆటోలు, బస్సు హారన్లు. నా అరుపు నాకే వినిపించలేదు. దిగి పరుగెత్తుదామంటే మెట్లు. చెయ్యి పట్టమంటే ఎవడూ స్టాండు వదలడు. ఆ పిల్ల కొక్కేనికి బుర్ఖా తగిలించి జుట్టు విప్పుకోవడం మొదలుపెట్టింది. నేను ఆ స్లాబు మీద, వాళ్ళు ఆ అద్దం వెనక. ఇద్దరికీ బయటికి దారి లేదు.

నా కెమెరా ముందు ఫ్రేము సిద్ధంగా ఉంది. అంత మంచి ఫ్రేము నాకు మళ్ళీ దొరకదని తెలుసు. వేలు బటన్ మీదే ఉంది. వెలుతురు కారిపోతోంది.

సంచిలోంచి ఫ్లాషు తీసి కెమెరా నెత్తిన బిగించాను. మా ఆయన కొన్న పాత ఫ్లాషు అది. ఛార్జి ఎక్కేటప్పుడు దోమలా సన్నగా కూస్తుంది. ఆ కూత విని వనపర్తి అతను నా వైపు తిరిగాడు.

“ఖాలా, ఫ్లాషెయ్యకు! అందరిది ఖరాబైతది! నీది గూడ పోతది!”

“పోనీ,” అని నొక్కాను.

స్లాబంతా తెల్లగా మెరిసింది. మా ముందు ఎగురుతున్న ఉసిళ్ళన్నీ గుప్పెడు మరమరాలు విసిరినట్టు కనిపించాయి. వాళ్ళ ఫొటోల్లోనూ ఇక అవే పడతాయి. అది కూసేదాకా ఆగి మళ్ళీ నొక్కాను. మళ్ళీ. వాళ్ళు షట్టరు తెరిచినప్పుడల్లా నొక్కాను. తిట్టారు. ఒకడు “ముసల్దానికి మతి పోయింది” అన్నాడు. డ్రోను అతను వచ్చి కెమెరా ముందు చెయ్యి అడ్డం పెడితే, కెమెరా స్టాండు మీద నుంచి ఊడదీసి నెత్తిమీదికెత్తి నొక్కాను. ఎదుటి మేడలో పార్లరు ఆమె తలెత్తి బయటి చీకట్లోకి చూసింది. గోరింట పెద్దావిడ గబుక్కున కిందికి కూర్చుంది. కుర్చీలో పిల్ల తువాలు మెడదాకా లాక్కుంది. ఎవరో లోపలికి పరుగెత్తారు.

రెండో అంతస్తులో లైట్లు ఆరిపోయాయి.

ఆ ఒక్క అంతస్తూ నల్లటి పట్టీలా నిలిచింది. పైన వెలుగు, కింద వెలుగు. కెమెరాను మళ్ళీ స్టాండుకు బిగించాను. కాస్త ఒరిగింది, సర్దే తీరిక లేదు. ఇంకోసారి నొక్కాను. అంతలోకే ఆకాశం కూడా నల్లబడింది.

అందరూ స్టాండ్లు మడిచారు. ఒక్కొక్కరే దిగిపోయారు. నన్ను దింపాలని ఎవరికీ గుర్తు రాలేదో, గుర్తుండే దిగారో తెలియదు. స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాను. దోమలు, తడి సిమెంటు వాసన. ఏం చేస్తాను, ఎప్పటి పనే చేశాను. తీసినవన్నీ ఒక్కొక్కటీ పెద్దవి చేసి చూశాను. ఆడమనిషి ఆనవాలు ఉన్న ప్రతి దాన్నీ చెరిపేశాను. ఎదుట పెళ్ళికూతురి తల్లి లేదు, అంతే తేడా. చివరికి ఒక్కటి మిగిలింది.

మెట్ల మీద సెల్‌ఫోను వెలుగు పడింది. వనపర్తి అతను వచ్చాడు. చెయ్యి చాచాడు. పట్టుకున్నాను. సగం దిగాక అన్నాడు, “మొత్తం దినం ఖరాబ్ చేసినవ్ ఖాలా.”

“చేసిన. జర మెల్లగ దిగు, నా మోకాలు.”

కిందికి దిగగానే వ్యాను వైపు పోకుండా రోడ్డు దాటి లిఫ్టెక్కాను. పార్లరు ఆమె చీకట్లో ఫోను పట్టుకుని ఉంది. పోలీసులకు చేయాలా, మొగుడికి చేయాలా అని.

“ఎవడో పోకిరి ఖాలా! గా సగం కట్టిన పడావు బిల్డింగులకెల్లి ఫ్లాషులు కొట్టిండు!”

“గా పోకిరిని నేనే.”

చెప్పాను. నమ్మలేదు. “ఇందాక నువ్వే చూసినవ్ గద, కనవడదు!” అంది. ఆడవాళ్ళందరినీ లోపలి గదిలోకి పంపించాను. బుర్ఖా సర్దుకుని, లైట్లు వేయించి, అద్దం పక్కన నిలబడ్డాను. ఆమెను రోడ్డు మీదికి పొమ్మన్నాను. ఇప్పుడు నాకు అద్దంలో నేనే కనిపిస్తున్నాను. రోడ్డు లేదు, ఊరు లేదు, ఒక నల్లటి ముసలిది, వెనక కుర్చీలు. అవతల ఎవరున్నారో, ఎందరు చూస్తున్నారో తెలియదు. ఫోను మోగింది.

“ఖాలా, చెయ్యెత్తు.”

ఎత్తాను.

“అయ్యో,” అంది. “ఖాలా, నీ చేతి ఉంగరం గూడ కనవడ్తుంది. కట్టినప్పటిసంది... గిన్ని దినాల నుంచి...” ఏడుపు ఆపుకుంటోంది. “లైట్లు బంద్ చెయ్ ఖాలా. బంద్ చెయ్.”

చేశాను. గదిలో చీకటి కాగానే అద్దంలోకి రోడ్డు తిరిగి వచ్చింది. ఆమె ఒక పక్క, కాస్త దూరంలో మా వ్యాను. వ్యాను ఎక్కబోతూ మా వాళ్ళంతా తలలెత్తి ఈ కిటికీనే చూస్తున్నారు. నాకు చెయ్యి ఊపాలనిపించలేదు.

మర్నాటికి పార్లరుకు మందపాటి పర్దాలు వచ్చాయి. ఆమె నాతో కొన్నాళ్ళు సరిగ్గా మాట్లాడలేదు. చెడ్డ వార్త తెచ్చిన మనిషి మొహం కూడా చేదుగానే ఉంటుంది, దానికేం.

ఫొటోలు గోడకు పెట్టే రోజు వచ్చింది. నన్ను పిలుస్తారో లేదో అనుకున్నాను. వనపర్తి అతనే ఫోను చేసి, “తెస్తె తే,” అన్నాడు. తీసుకుపోయాను. దవాఖాన నీలి అద్దం ఉంది, వనపర్తి దుకాణం ఉంది, డ్రోను నుంచి తీసిన కప్పులున్నాయి. అందరూ అంత ఆశ పెట్టుకున్న గద్వాల మేడ మాత్రం గోడ మీద ఎవరిదీ లేదు. నాది తప్ప. ఎందుకని నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

నా ఫొటో కొంచెం ఒరిగింది. నడుమ ఒక అంతస్తు చీకటి. ముందు తెల్లటి ఉసిళ్ళు. చూసినవాళ్ళంతా ఆ అంతస్తులో కరెంటు పోయిందా అని అడిగారు. పోయింది అన్నాను.

కింద అట్టముక్క మీద పేరు నేనే రాశాను. డ్రోను అతను చదివి గట్టిగా నవ్వాడు. “ఖాలా, పేరుకు ముందట ‘ఇట్లు’ అని రాసినవేంది? గిది పెండ్లి కార్డా?”

పేరు ఎక్కడ రాయాలన్నా ముందు ఆ మాట రాయాలనే నేను నేర్చుకున్నాను. “ఉండనీ,” అన్నాను. ప్రదర్శన అయ్యాక ఫొటోతో పాటు ఆ అట్టముక్కనూ విప్పి తెచ్చుకున్నాను. ఇప్పుడు రెండూ మా ఇంట్లో, తలుపు తీయగానే ఎవరికైనా కనిపించే గోడ మీద ఉన్నాయి.